ఇంటి కంప్యూటరుపై పరికరాధార విమానచోదనం: సాఫ్ట్‌వేరును ఎంచుకొనే విధానం

విమానయానం అనగానే మన మనోనేత్రం ముందు నిలిచేవి నీలాకాశం, సుదూర క్షితిజం. నింగీ నేలా కలిసే ఆ గీతను చూచియే పైలట్లు విమానం సమంగా ఉన్నదో, ఒరిగి ఉన్నదో తెలుసుకొంటారు. మేఘంలో ప్రవేశించిన మరుక్షణం ఆ గీత అదృశ్యమవుతుంది. ఇక మిగిలే ఆధారం ఎదుట ఉన్న పరికరాలు మాత్రమే. వాటిని చూచి విమానం నడపడమే పరికరాధార చోదనం. పైలట్ వృత్తిని ఆశించే విద్యార్థులు ఈ విద్యలో కొంత భాగాన్ని నేడు ఇంటి కంప్యూటరుపై సాధన చేయవచ్చును. అందుకు తగిన సాఫ్ట్‌వేరును ఎట్లు ఎంచుకోవలెను, దాని నుండి ఏమి ఆశించవచ్చును, ఏమి ఆశించరాదు అన్న విషయాలను వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

శరీరం చెప్పే అబద్ధం

మన సమతౌల్య జ్ఞానానికి ముఖ్యమైన మూలం లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు. తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం కొంత వెనుకబడి, ఆ సంగతిని మెదడుకు తెలుపుతుంది. కాని విమానం ఒకే తీరున మలుపు తిరుగుతూ ఉంటే, సుమారు 20 సెకన్లలో ఆ ద్రవం కూడా నాళంతోపాటే కదలనారంభిస్తుంది. అప్పుడు మలుపు ఆగిపోయినట్లే తోస్తుంది. విమానాన్ని సమం చేయగానే ఎదురు దిశకు తిరుగుతున్న భ్రమ కలుగుతుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాధార శిక్షణ లేని 20 మందిని ఇట్టి స్థితిలో ఉంచి పరీక్షించారు. విమానం అదుపు తప్పుటకు పట్టిన సగటు కాలం 178 సెకన్లు. అనగా మూడు నిమిషాలైనా కాదు.

కావున పరికరాలను నమ్మవలెను. అయితే ఏ ఒక్క పరికరాన్నీ గ్రుడ్డిగా నమ్మరాదు. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుండి దుబాయికి బయలుదేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 747 విమానం ‘ఎంపరర్ అశోక’ రెండు నిమిషాలలోపే బాంద్రా సమీపంలో సముద్రంలో కూలిపోయినది. 213 మంది మరణించారు. కెప్టెన్ ఎదుట ఉన్న కృత్రిమ క్షితిజ పరికరం చెడిపోయి, సమంగా ఉన్న విమానం కుడివైపుకు ఒరిగినట్లు చూపినది. చీకటిలో, సముద్రంపై, కంటికి మరొక ఆధారం లేదు. దానిని నమ్మి ఆయన విమానాన్ని ఎడమకు వంచారు. తక్కిన పరికరాలతో సరిపోల్చి చూచుకొనుట ఎంత అవసరమో ఈ విషాదం తెలుపుతున్నది.

గాలి తిత్తుల నుండి కంప్యూటరు వరకు

నేలపైనే ఈ విద్యను నేర్పుటకు తొలి సాధనాన్ని 1929లో అమెరికన్ ఎడ్విన్ లింక్ నిర్మించాడు. ఆయన తండ్రిది ఆర్గన్ వాద్యాలు తయారుచేసే సంస్థ. ఆ వాద్యాలలోని గాలి తిత్తులనే వాడి, ఒరుగుతూ తిరిగే చిన్న విమానాన్ని ఆయన రూపొందించాడు. 1934లో అమెరికా సైనిక వైమానిక దళం తపాలా రవాణాకు పూనుకొని, దుర్వాతావరణంలో పలువురు పైలట్లను కోల్పోయిన తరువాత అట్టి యంత్రాలు ఆరు కొన్నది. 1982లో బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన సిమ్యులేటరును మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేయడంతో ఈ సాధన ఐ.బి.ఎం. కంప్యూటరు ఉన్న ఇంటికి కూడా చేరినది.

ఎంపికలో గమనించవలసినవి

మొదటిది: పరికరాల స్పష్టత. వేగసూచిక, కృత్రిమ క్షితిజం, ఎత్తును చూపే ఆల్టీమీటరు, మలుపు సూచిక, దిశాసూచిక, ఎక్కుదిగుడు సూచిక అనే ఆరింటి ముళ్ళు స్పష్టంగా, తడబాటు లేక కదలవలెను. మేఘంలో సాగే సాధనకు కొండలూ నదులూ ఎంత అందంగా కనిపించినా ప్రయోజనం లేదు. పాత కంప్యూటరుపై దృశ్యవైభవం తగ్గించి పరికరాల వేగాన్ని కాపాడుకొనుటే మేలు.

రెండవది: లోపాలను కల్పించే సౌకర్యం. సాధన మధ్యలో ఒక పరికరాన్ని చెడగొట్టగలగవలెను. ఎప్పుడు చెడునో అభ్యాసికి ముందుగా తెలియకుంటే మరీ మంచిది. ‘ఎంపరర్ అశోక’ నేర్పే పాఠానికి ఇంతకు మించిన అభ్యాసం ఇంటివద్ద మరొకటి లేదు.

మూడవది: మార్గదర్శక సమాచారం. వైమానిక సమాచారాన్ని 28 రోజులకు ఒకసారి సవరిస్తారు. 2006లో వెలువడిన సాఫ్ట్‌వేరు 2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయాన్ని ఎట్లు చూపగలదు? భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ప్రచురించే పటాలకు సిమ్యులేటరులోని సమాచారం సరిపోవుచున్నదో లేదో చూచుకొనవలెను.

నాల్గవది: చేతి సాధనాలు. కీబోర్డు మీటలతో సున్నితమైన చోదనం అలవడదు. కనీసం ఒక జాయ్‌స్టిక్ అవసరం.

నేడు ముఖ్యంగా మూడు సాఫ్ట్‌వేర్లు పరిశీలింపదగినవి. ఎక్స్-ప్లేన్ రెక్కలను చిన్న భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగంపై గాలి బలాన్ని లెక్కిస్తుంది. లోపాలను కల్పించే సౌకర్యం ఇందులో విరివిగా ఉన్నది. ఉచిత నమూనాతో ముందుగా పరీక్షించవచ్చును. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరు యొక్క 2020, 2024 సంచికలు దృశ్యాలలో అసమానమైనవి, కాని వాటికి శక్తిమంతమైన కంప్యూటరు, వేగవంతమైన ఇంటర్నెట్ కావలెను. ఫ్లైట్‌గేర్ పూర్తిగా ఉచితం. పరికరాలను చెడగొట్టే సౌకర్యం ఇందులోనూ కలదు. ధనం తక్కువై పట్టుదల ఎక్కువైన విద్యార్థి దీనితో ప్రారంభించుట తగును.

సాధనక్రమం, హద్దులు

మొదట సమచోదనం, తరువాత సెకనుకు 3 డిగ్రీల చొప్పున మలుపు అభ్యసించవలెను. ఆ లెక్కన పూర్తి వృత్తం 2 నిమిషాలలో ముగియవలెను. గడియారమే పరీక్షకుడు. అనంతరం ఐ.ఎల్.ఎస్. సంకేతాలపై దిగుట. 3 డిగ్రీల వాలులో 90 నాట్ల భూవేగంతో వచ్చే విమానం నిమిషానికి సుమారు 480 అడుగులు దిగవలెను. ఇట్టి లెక్కలు నోటికి వచ్చి ఉంటే చోదన సమయంలో మనసు తేలికపడుతుంది.

అయితే రెండు హద్దులను మరువరాదు. ఇంటివద్ద గడిపిన గంటలు లాగ్‌బుక్కులో చేరవు. డి.జి.సి.ఎ. ఆమోదించిన పరికరంపై, నియమానుసారం పొందిన శిక్షణకే లెక్క. అంతకన్న ముఖ్యమైనది, కదలని కుర్చీ మన చెవిని మోసగించదు. శరీరం చెప్పే అబద్ధాన్ని ఎదిరించుట ఆకాశంలో, శిక్షకుని ప్రక్కన కూర్చుండి మాత్రమే నేర్వగలం. శిక్షకుడు సవరించని తప్పు ఇంటివద్ద అలవాటై పాతుకొనే ప్రమాదం కూడా ఉన్నది. కనుక శిక్షకుడు చెప్పిన పాఠాన్నే ఇంటివద్ద పునశ్చరణ చేయుట ఉత్తమం.

విమానంలో గడిపే ఒక్కొక్క గంటకు తల్లిదండ్రులు వెచ్చించే ధనం స్వల్పం కాదు. పద్ధతులను, లెక్కలను, చూపు త్రిప్పే క్రమాన్ని ఇంటివద్దనే అలవరచుకొన్న విద్యార్థి ఆ గంటను ఆకాశం మాత్రమే నేర్పగల విద్యకు వినియోగిస్తాడు. కావున ‘ఏది ఎక్కువ అందంగా ఉన్నది?’ అని గాక, ‘ఏది నన్ను సరిగా పరీక్షిస్తుంది?’ అని ప్రశ్నించుకొని సాఫ్ట్‌వేరును ఎంచుకొనుట వివేకం.