పెరటి మడిలో తోటకూర

మాపటివేళ బిడ్డ గడప తట్టుకొని పడుచున్నచో అజాగ్రత్తయని కసరరాదు. అది రేచీకటి కావచ్చును. వెంటనే వైద్యునికి చూపవలెను. విటమిన్ 'ఎ' కొరత దీనికి ముఖ్యకారణము. ఈ కొరత రాకుండ కాపాడు ఆకుకూరలలో తోటకూర ఒకటి. దానిని ప్రతి ఇంటి పెరటిలోను పండించుకొనవచ్చును.

సెంటు మడికి 8 గ్రాముల విత్తనము చాలును. నేలను మెత్తగా త్రవ్వి, చివికిన పశువుల ఎరువు కలిపి చదును చేయవలెను. విత్తనము మిక్కిలి సన్నము. కావున పదింతల ఇసుకతో కలిపి పలుచగా చల్లి, పైపైన మట్టి కప్పవలెను. లోతున పడిన విత్తు సరిగా మొలవదు. నీరు కుమ్మరింపక చేతితో చిలకరించవలెను. విత్తనమును చీమలు మోసికొనిపోకుండ కనిపెట్టియుండవలెను.

వారములోపల మొలకలు వచ్చును. ఒత్తు మొక్కలను పీకి వండుకొనవచ్చును. నాలుగు వారములకు కూర చేతికందును. పక్షమునకొక మడి చొప్పున విత్తినచో కూరకు లోటుండదు. వండునపుడు కొద్దిగా నూనె వేసినచో విటమిన్ బాగుగా ఒంటబట్టును.