మసక వెలుతురులో నవరంగి పిట్ట

పక్షిశాస్త్రములో ‘పిట్టా’ అను ప్రజాతి కలదు. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియేయో ఈ పేరు పెట్టెను. అది మన తెలుగు ‘పిట్ట’యే! ఆ ప్రజాతికి చెందిన నవరంగి చలికాలమున హిమాలయ పాదప్రాంతముల నుండియు, మధ్యభారతము నుండియు దక్షిణాదికి వలస వచ్చును. ఆకుపచ్చని వీపు, లేత గోధుమవన్నె పొట్ట, తెల్లని గొంతు, కంటి మీదుగా నల్లని పట్టె, రెక్కపై మెరయు నీలపు మచ్చ, తోక క్రింద ఎరుపు – ఇన్ని రంగులున్న పక్షి ఎండలోనికి రానే రాదు. పొదల నీడలో రాలిన ఆకులను తిరగవేయుచు పురుగులను ఏరుకొనును. తెల్లవారుచుండగను, సందెవేళను ఈల వేయును. తమిళులు దీనిని ‘ఆరుమణి కురువి’, అనగా ఆరు గంటల పిట్ట అందురు. ఫొటో తీయదలచిన వానికి చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

నిండు ఎండలో ఐ.ఎస్.ఓ. 100 వద్ద, ఎఫ్ 16 ద్వారముతో, సెకనులో 100వ వంతు కాలము చాలునని ఫొటోగ్రాఫర్ల పాత లెక్క. ద్వారమును ఎఫ్ 5.6 వరకు తెరచినచో దాని వైశాల్యము 8 రెట్లగును గనుక, 800వ వంతే చాలును. కాని దట్టమైన అడవిలో నేలను చేరునది పై వెలుతురులో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. ఒక పాలనుకొన్నచో సెకనులో 8వ వంతు కావలెను. అంతసేపు పిట్ట కదలకున్నను చేతిలోని కెమెరా కదలును.

ఐ.ఎస్.ఓ.ను 1600 చేసినచో ఆ కాలము సుమారు 125వ వంతునకు తగ్గును. నవరంగి గెంతును, ఆగును, క్షణము నిలిచి మరల గెంతును. నిలిచినప్పుడు ఈ కాలము సరిపోవును, గెంతునప్పుడు సరిపోదు. మూడుకాళ్ల స్టాండు చేతి వణుకును మాన్పును గాని పిట్ట కదలికను మాన్పజాలదు.

ఐ.ఎస్.ఓ. పెంచిన బొమ్మ గరుకుగా వచ్చునేమి? కాంతి ఫోటానులుగా వచ్చి పడును. వాన చినుకుల వలె వాని సంఖ్య ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. 10,000 ఫోటానులు పడుచోట హెచ్చుతగ్గు సుమారు 100, అనగా నూటికి ఒకటి. 100 మాత్రమే పడుచోట హెచ్చుతగ్గు 10, అనగా నూటికి పది. ఈ గరుకుదనము చాలవరకు కాంతి లేమి వలన కలిగినదే, ఐ.ఎస్.ఓ. దానిని బయటపెట్టును. కనుక దానికి భయపడి బొమ్మను చీకటిగా తీసి, పిదప కంప్యూటరులో వెలుగు పెంచుట వలన లాభము లేదు. అలికినట్లున్న పిట్ట కన్న గరుకు పిట్ట మేలు.

ఇక రంగుల సంగతి. సందెచీకటిలో మన కంటి శంకుకణములు మందగించి, దండకణములు పని అందుకొనును. ఇవి రంగులను గుర్తింపవు. ఎరుపు కాంతి వీనికి దాదాపు కానరాదు. ఎర్ర మందారమును సందెవేళ చూడుడు, ఆకుల కన్న పూవే నల్లగా తోచును. కెమెరాకు ఈ భేదము లేదు. చాలినంత కాంతి అందినచో నవరంగి తోక క్రింది ఎరుపును ఎరుపుగానే చూపును. కంటికి కనబడని రంగు బొమ్మలో కనబడగానే అది కల్పితమనుట తగదు.

నీలము కథ వేరు. పక్షుల ఈకలలో నీలపు వర్ణద్రవ్యము లేదు. ఈకలోని సూక్ష్మమైన గాలి అరలు నీలకాంతిని వెనుకకు చిమ్ముటచే ఆ రంగు కలుగును. రాలిపడిన పాలపిట్ట ఈక కనబడినచో వెలుతురునకు అడ్డముగా పట్టి చూడుడు. నీలము పోయి గోధుమవన్నె మిగులును. (చూచి అచ్చటనే విడువుడు.) కనుక వెలుతురు పిట్ట వెనుక నుండి కాక మన వైపు నుండి దానిపై పడునట్లు కూర్చుండవలెను.

ఆకుల గుండా వచ్చిన వెలుతురులో పచ్చదనము హెచ్చు. దానిచే పొట్టపై గోధుమవన్నె పాలిపోయినట్లు వచ్చును. నవరంగి గొంతు తెలుపు గదా! బొమ్మలో గొంతు తెల్లగా వచ్చువరకు సరిచేసినచో మిగిలిన రంగులు చాలవరకు తమంత తామే కుదురుకొనును. అంతకు మించి రంగులు పూయరాదు. అట్టి బొమ్మ గోడకు పనికివచ్చును గాని పక్షిని పోల్చుకొనుటకు పనికిరాదు.

ఈలను రికార్డు చేసి వినిపించి నవరంగిని పిలుచువారు కలరు. తన చోటులోనికి మరియొక పక్షి వచ్చెనని ఎంచి అది మేత మాని వచ్చును. ఎంతో దూరము ఎగిరివచ్చిన పక్షికి ఇది నష్టము. గూటి దగ్గర ఫ్లాషు అసలే కూడదు. అడవిశాఖ అనుమతి కావలసినచోట ముందే పొంది, అది మేయు చోటు కనిపెట్టి, తెల్లవారకముందే మట్టిరంగు బట్టలతో కూర్చుండవలెను. పిట్ట తన దారిన గెంతుచు వచ్చును. ఆగినప్పుడు మీట నొక్కవలెను.