ఊపిరిలో దొరికే ఆనవాలు

కడుపులో వ్రణానికి మనోవ్యాకులతే కారణమని, కారమే కారణమని వైద్యులు సైతం చాలాకాలం విశ్వసించారు. ఆస్ట్రేలియా వైద్యులు రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఈ విశ్వాసాన్ని తలకిందులు చేశారు. జీర్ణాశయపు పొరను ఆశ్రయించి బ్రతికే హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి ఈ వ్రణాలకు ప్రధాన కారణమని వారు కనుగొన్నారు. నమ్మనివారిని నమ్మించడానికి మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని స్వయంగా త్రాగి, వ్యాధిని కోరి తెచ్చుకున్నారు. 2005లో వారిరువురికీ నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఆ సూక్ష్మజీవి కడుపులో ఉన్నదో లేదో తెలిసేదెలా? గొంతు ద్వారా గొట్టాన్ని దించి, లోపలి పొర నుండి చిన్న తునకను తీసి పరీక్షించవలసి వచ్చేది. ఆ బాధను తప్పించిన ఘనత ఒక ఐసోటోపుది.

ఒకే మూలకపు పరమాణువులలో న్యూట్రాన్ల సంఖ్య వేరైతే వాటిని ఐసోటోపులు అంటారు. ప్రకృతిలోని కార్బన్‌లో దాదాపు 98.9 శాతం కార్బన్-12, 1.1 శాతం కార్బన్-13. రెండింటి రసాయన ప్రవర్తన ఇంచుమించు ఒక్కటే, బరువులోనే భేదం. గొర్రెల కాపరి తన గొర్రెకు రంగు పూసి మందలో వదిలినట్లు, శాస్త్రజ్ఞులు బరువైన పరమాణువును గుర్తుగా పెట్టి రసాయనాన్ని శరీరంలోకి పంపుతారు. ఈ మార్గానికి ఆద్యుడు హంగరీ దేశీయుడైన జార్జ్ డి హెవెసీ. ఆయన 1923లో రేడియోధార్మిక సీసంతో చిక్కుడు జాతి మొక్కలలో సీసపు సంచారాన్ని గుర్తించాడు.

కార్బన్-13కు రేడియోధార్మికత లేదు. దానితో తయారైన యూరియాను రోగి నీటిలో కలుపుకొని త్రాగుతాడు. సూక్ష్మజీవి ఉన్నట్లయితే, అది స్రవించే యూరియేజ్ అనే ఎంజైము యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డై ఆక్సైడుగా విడగొడుతుంది. గుర్తు కలిగిన ఆ వాయువు రక్తంలో చేరి, ఊపిరితిత్తుల ద్వారా వెలుపలికి వస్తుంది. త్రాగడానికి ముందు ఒకసారి, సుమారు అరగంట తరువాత మరొకసారి ఊపిరిని సంచులలో పట్టి పోల్చిచూస్తారు.

చిక్కంతా కొలతలోనే. పెరుగుదల వెయ్యింట కొన్ని పాళ్లు మాత్రమే. ఇంత సూక్ష్మభేదాన్ని తొలుత మాస్ స్పెక్ట్రోమీటర్ ఒక్కటే పట్టగలిగేది. శూన్యాన్ని సృష్టించే పంపులు, బరువైన అయస్కాంతం, శిక్షణ పొందిన సిబ్బంది, ఇవన్నీ ఉంటేగాని అది పనిచేయదు. కనుక చిన్న ఆసుపత్రిలోని రోగి ఊపిరి దూరపు ప్రయోగశాలకు ప్రయాణం చేయవలసి వచ్చేది!

పరారుణ కిరణాలు ఈ దూరాన్ని తగ్గించాయి. స్ప్రింగు చివర బరువు పెరిగితే ఊగిసలాట మందగించినట్లు, బరువైన కార్బన్ గల అణువు కాస్త నెమ్మదిగా కంపిస్తుంది. అందువలన సాధారణ కార్బన్ డై ఆక్సైడు సుమారు 4.26 మైక్రోమీటర్ల పరారుణ కిరణాన్ని పీల్చుకుంటే, కార్బన్-13 గలది సుమారు 4.38 మైక్రోమీటర్ల కిరణాన్ని పీల్చుకుంటుంది. కొన్ని పరికరాలలో మరింత చమత్కారమైన ఏర్పాటు ఉన్నది. కిరణాన్ని గుర్తించే అరలోనే ఆయా ఐసోటోపు వాయువును నింపుతారు. అది తన జాతి వాయువు పీల్చే కిరణానికే స్పందిస్తుంది. శూన్యమూ అయస్కాంతమూ అక్కరలేని ఈ యంత్రం బల్లమీద ఇమిడిపోతుంది. ఫలితం నిమిషాలలో తెలుస్తుంది.

యంత్రం ఎంత నిశితమైనదైనా, అణగి ఉన్న సూక్ష్మజీవిని అది చూడలేదు. యాంటీబయాటిక్ మందులు వాడినవారు నాలుగు వారాలు, ఆమ్లాన్ని బాగా తగ్గించే ఒమెప్రజోల్ వంటి మందులు వాడేవారు వైద్యుని సలహాతో రెండు వారాలు వాటిని ఆపిన పిమ్మటనే ఈ పరీక్షకు రావాలి. చికిత్స ముగిసిన నాలుగు వారాలకు మళ్లీ ఊపిరిని పరీక్షించి, సూక్ష్మజీవి నశించినదీ లేనిదీ నిర్ధారిస్తారు.