ఇంటి కంప్యూటరుపై లెక్కల బరువు

హైదరాబాదు నగరంలో అమీర్‌పేటకు ఆనుకొని ఉన్న నివాస ప్రాంతం మధురానగర్. కంప్యూటరు విద్య నేర్వడానికి జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు పగలు అమీర్‌పేట శిక్షణా కేంద్రాలలో పాఠాలు విని, రాత్రికి ఇక్కడి హాస్టళ్లకూ అద్దె గదులకూ చేరుకొంటారు. అటువంటి ఒక గదిలో ఆరేడేళ్లనాటి కంప్యూటరు ఉన్నదనుకొందాం. దాని యజమాని అందులో బిట్‌కాయిన్ పూర్ణ నోడ్‌ను నడపాలని సంకల్పించాడు. అప్పుడు ఆ యంత్రంలో ఏ భాగం ఎక్కువ శ్రమిస్తుంది? ఏది ముందు అలసిపోతుంది?

సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన ఒక పత్రం బిట్‌కాయిన్‌కు మూలం. 2009 జనవరి 3న తొలి బ్లాకు పుట్టింది. బ్యాంకు ప్రమేయం లేని ఈ ధనంలో లావాదేవీలన్నీ సుమారు పది నిమిషాలకొక బ్లాకు చొప్పున నమోదవుతాయి. 2025 జూన్‌లో బ్లాకుల సంఖ్య తొమ్మిది లక్షలు దాటింది. వాటినన్నింటినీ తెచ్చుకొని, ప్రతి లావాదేవీ నియమబద్ధమో కాదో స్వయంగా సరిచూసే కంప్యూటరే పూర్ణ నోడ్. కొత్త నాణేల కోసం పోటీపడే మైనింగ్ వేరు, ఇది వేరు. నోడ్ నడిపినందుకు ఎవరూ పైసా ఇవ్వరు.

మరి ఈ శ్రమ ఎందుకు? 2010 ఆగస్టు 15న ఒక ప్రోగ్రాం దోషం వల్ల ఒకే లావాదేవీలో 18,400 కోట్ల బిట్‌కాయిన్లు పుట్టుకువచ్చాయి. నియమం ప్రకారం మొత్తం నాణేలు ఎన్నటికీ 2 కోట్ల 10 లక్షలకు మించరాదు. కొన్ని గంటలలోనే సవరించిన ప్రోగ్రాం వెలువడింది. దానిని నడిపిన వారి కంప్యూటర్లు ఆ దొంగలెక్కను తోసిపుచ్చాయి. సొంతంగా సరిచూసుకొనే యంత్రం లేనివారు ఇటువంటి వేళ ఇతరుల మాటనే నమ్ముకోవలసి ఉంటుంది.

వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులకు చిట్టా, ఆవర్జాల తేడా తెలుసు. జరిగిన లావాదేవీలను జరిగిన వరుసలో రాసేది చిట్టా. ఏ ఖాతాలో ఎంత నిలిచిందో చూపేది ఆవర్జా. నోడ్ ఈ రెండింటినీ పోషిస్తుంది. బ్లాకుల వరుస దాని చిట్టా. 2025 నాటికి అది 600 గిగాబైట్లను మించింది. ఇంకా ఖర్చు కాని నాణేల పట్టిక దాని ఆవర్జా. పరిమాణంలో ఇది చిన్నది, పది గిగాబైట్లకు కొంచెం పైన. చిత్రమేమంటే, యంత్రాన్ని వేధించేది ఆ మహాగ్రంథం కాదు, ఈ చిన్న పుస్తకమే.

కారణం తేలిక. చిట్టాలో కొత్త పుట చివర చేరుతుంది. ఆ పని ఎంత పాత హార్డ్ డిస్కుకైనా సులువు. ఆవర్జా అలా కాదు. ఒకరు నాణెం ఖర్చు చేయగానే పట్టికలో దాని పద్దును వెదికి కొట్టివేయాలి, కొత్త పద్దు రాయాలి. ఆ పద్దులు 2025 నాటికి 16 కోట్లకు పైగా ఉన్నాయి. ఏది ఎక్కడ ఉంటుందో ముందుగా తెలియదు. హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం. కావలసిన చోటికి దాని ముల్లు జరిగి, పళ్లెం తిరిగి వచ్చేవరకు వేచి ఉండాలి. అందువల్ల సెకనుకు వంద చోట్లను వెదకడమే దానికి గగనం. ఒక బ్లాకుకు ఆరువేల వెదుకులాటలు కావలసివస్తే దానికే నిమిషం పడుతుంది. తిరిగే భాగాలేవీ లేని ఎస్.ఎస్.డి. ఇదే పనిని సెకనుకు వేలకొద్దీ సార్లు చేయగలదు. మంచి ఎస్.ఎస్.డి. ఉంటే ఒకటి రెండు రోజులలో ముగిసే తొలి పరిశీలన, పాత డిస్కుపై వారాల తరబడి సాగడం ఇందుకే. కంప్యూటరు నెమ్మదించగానే ప్రాసెసరును నిందించడం మనకు అలవాటు. ఇక్కడ ఆ నింద సాధారణంగా అన్యాయం. పాత బ్లాకులలోని సంతకాలను తిరిగి పరీక్షించకుండా దాటవేసే ఏర్పాటు 2017 నుండి ప్రోగ్రాంలోనే ఉంది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లి కొనదగిన మొదటి వస్తువు ఎస్.ఎస్.డి. గాని కొత్త ప్రాసెసరు కాదు.

ఆవర్జాలో ఎక్కువ భాగాన్ని ర్యామ్‌లో ఉంచితే డిస్కుకు విశ్రాంతి లభిస్తుంది. అయితే ర్యామ్‌లోనిది కరెంటు పోగానే చెరిగిపోతుంది. డిస్కుకు ఎక్కని పద్దుల లెక్కను యంత్రం మళ్లీ చేసుకోవాలి. పట్టికే చెడిపోతే మొదటి బ్లాకు నుండి అంతా తిరగదోడవలసిందే. వేసవి గాలివానకు కరెంటు పోయే వీధిలో యు.పి.ఎస్. విలాసవస్తువు కాదు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండకు, గాలి ఆడని గదిలో ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకొంటుంది; ఫ్యానులో పేరుకొన్న దుమ్ము ఆ బాధను పెంచుతుంది. విద్యుత్తు ఖర్చు మాత్రం భయపడినంత లేదు. 50 వాట్ల యంత్రం రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 36 యూనిట్లు.

ఈ భారం ఎంతవరకు ఉండవచ్చన్న ప్రశ్నపైనే 2015 నుండి 2017 వరకు బిట్‌కాయిన్ లోకంలో పెద్ద వివాదం నడిచింది. బ్లాకులు పెద్దవైతే ఎక్కువ లావాదేవీలు పడతాయని ఒక పక్షం. అప్పుడు సామాన్యుని ఇంటి కంప్యూటరు వాటిని మోయలేదని, సరిచూసే పని కొద్దిమంది చేతిలో పడుతుందని రెండవ పక్షం. 2017 ఆగస్టు 1న మొదటి పక్షంలోని వారు విడిపోయి, 8 మెగాబైట్ల బ్లాకులతో బిట్‌కాయిన్ క్యాష్‌ను నెలకొల్పారు. మధురానగర్ గదిలోని యంత్రం వంటిదే ఆ వాదానికి కేంద్రబిందువు.

చోటు చాలనివారికి ఒక వెసులుబాటు ఉంది. సరిచూసిన పాత బ్లాకులను చెరిపివేసి, చివరి 550 మెగాబైట్లను మాత్రమే నిలుపుకోవచ్చు. అంటే చిట్టా పోయినా ఆవర్జా మిగులుతుంది, లెక్క తప్పదు. కాని కొత్తగా వచ్చిన నోడ్‌కు పాత పుటలను ఇది అందించలేదు. అవి కావాలంటే చిట్టా మొత్తం దాచుకొన్నవారినే ఆశ్రయించాలి. పైగా మొదటిసారి 600 గిగాబైట్లనూ దింపుకొని సరిచూసే శ్రమ దీనికీ తప్పదు.