పదకొండు అంకెలకి 89 కాపలా

మార్చిలో హార్మొనీ వీక్ వచ్చిందంటే ఇక్కడి బడుల్లో మన ముగ్గులకి భలే గిరాకీ. పోయినేడు ఒక బడిలో పిల్లలకి చుక్కల ముగ్గులు నేర్పి, బిల్లు పంపాను. మర్నాడే జవాబొచ్చింది: "మీ ఏబీఎన్ తప్పుగా ఉంది, కంప్యూటర్ తీసుకోవడం లేదు."

ఆస్ట్రేలియాలో చిన్నదో పెద్దదో వ్యాపారం చేసేవాళ్లందరికీ తెలిసినదే ఈ 11 అంకెల సంఖ్య. 75 డాలర్లు దాటిన బిల్లు మీద అది లేకపోతే, డబ్బిచ్చే సంస్థ మామూలుగా 47 శాతం పట్టుకుని ట్యాక్స్ ఆఫీసుకి కట్టేయాలి. అంటే నా కష్టంలో దాదాపు సగం!

తీరా చూస్తే, పక్కపక్కనున్న రెండు అంకెల్ని తారుమారు చేసి రాశాను. తప్పు నాదే. కానీ అంత చిన్న పొరపాటు కంప్యూటర్‌కి ఎలా దొరికింది? రహస్యం ఆ సంఖ్యలోనే ఉంది.

అందరికీ తెలిసిన ట్యాక్స్ ఆఫీసు వారి సొంత ఏబీఎన్‌నే చూద్దాం: 51 824 753 556. మన లెక్కలో 5,182 కోట్ల పైమాటే. కాగితం తీసుకోండి. మొదటి అంకెలోంచి 1 తీసేస్తే 5 కాస్తా 4 అవుతుంది. ఇప్పుడు పదకొండు అంకెల్నీ వరసగా 10, 1, 3, 5, 7, 9, 11, 13, 15, 17, 19తో గుణించండి. వచ్చేవి 40, 1, 24, 10, 28, 63, 55, 39, 75, 85, 114. అన్నీ కూడితే 534. అంటే సరిగ్గా ఆరు 89లు. శేషం సున్నా.

ఇప్పుడు 753ని 735 అని రాసి చూడండి. మొత్తం 538 అవుతుంది, 4 మిగిలిపోతుంది. ఒక్క చుక్క పక్కకి జరిగితే ముగ్గు కలవనట్టే!

89నే ఎందుకు పెట్టారు? అది ప్రధాన సంఖ్య. ఒక అంకె తప్పితే తేడా 9కి మించదు, దాన్ని గుణించేది 19కి మించదు. అంత చిన్న సంఖ్యల లబ్ధాన్ని 89 నిశ్శేషంగా భాగించలేదు. అందుకే ఒక్క అంకె తప్పినా, రెండు వేర్వేరు అంకెలు చోటు మారినా తప్పకుండా పట్టుబడుతుంది.

అయితే ఒక జాగ్రత్త. ఈ లెక్క తెలిసిన మోసగాడు శేషం రాని దొంగ సంఖ్యని కూడా తయారు చేయగలడు. లెక్క కుదిరిందంటే అంకెలు పొందికగా ఉన్నాయని మాత్రమే, మనిషి నిజమని కాదు. చీరలమ్మే పేజీకో, డెకరేషన్ వాళ్లకో అడ్వాన్స్ కట్టే ముందు ప్రభుత్వం వారి ఏబీఎన్ లుకప్‌లో ఆ సంఖ్య కొట్టి చూడండి. ఎవరి పేరు మీద ఉందో, ఇంకా అమల్లో ఉందో లేదో, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఉచితంగా చూపిస్తుంది.

నేను సరిచేసి పంపిన బిల్లుకి డబ్బు పూర్తిగా వచ్చింది. ఇప్పుడు ఏ బిల్లయినా పంపే ముందు ఓసారి గుణించి చూసుకుంటున్నాను. పొయ్యి మీద టీ మరిగేలోపు అయిపోయే పని.