కోత అయిన తోటలో కవరు మిగలరాదు



నూజివీడు ప్రాంతంలో మామిడి కోతలు దగ్గరపడుతున్నవి. ఇలాంటి సమయంలో మందుల సంగతో, మార్కెట్టు సంగతో చెప్పక, ఈయన ప్లాస్టిక్ కవర్ల సంగతి ఎత్తుకున్నాడేమిటా అని మీరనుకోవచ్చును. కారణం వున్నది. ముందుగా నేను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెపుతాను.

కిందటి వేసవి చివర, కోతలన్నీ అయిపోయిన తరువాత, ఒక గ్రామంలో ఒక చిన్న రైతు గేదె మేత మానివేసినది. చూలు గేదె. నెమరు ఆగిపోయినది, ఎడమ డొక్క ఉబ్బినది. ఇంటివైద్యం రెండు రోజులు చేశారు. మూడో రోజున పశువైద్యులు వచ్చారు గాని, అప్పటికే ఆలస్యమైనది. చనిపోయిన గేదెను కోసి చూస్తే పెద్దపొట్టలో కవర్లు ముద్దగా, తాడులాగా పెనవేసుకొని వున్నవి. నీళ్ళ పాకెట్లు, సాంబారు కట్టిన కవర్లు, టీ కవర్లు. ఆ రైతు నావైపు చూసి, "సారూ, మా ఇంట్లో కవరే వాడమండీ, ఇవన్నీ పక్క తోటలోవి" అన్నాడు.

పక్క తోట యజమానిని అడిగితే, "నేను తోట పూతమీదనే అమ్మేశానండీ. కూలీలను పెట్టుకున్నది బేరగాడు" అన్నాడు. బేరగాడు కాయ కోసుకొని ఎప్పుడో వెళ్ళిపోయినాడు. కూలీలు ఏ ఊరివారో తెలియదు. తప్పు ఎవరిదీ కాకుండా పోయినది. గేదె మాత్రం పోయినది. ఆ ఇంటికి పాలూ, చేతి ఖర్చూ ఆ గేదెమీదనే.

పశువు కవరును ఎందుకు తింటుందని కొందరు అడుగుతారు. అది తినేది కవరును కాదు, అందులో మిగిలిన అన్నపు మెతుకును, ఉప్పును. మూతి ముడివేసిన కవరును విప్పుకొనుటకు దానికి చేతులు లేవు. కవరుతో సహా మింగుతుంది. గడ్డి అయితే పెద్దపొట్టలో నాని, మళ్ళీ నోటికి వచ్చి, నమలబడి అరుగుతుంది. కవరు అరగదు, పేడలో పోదు. ఏళ్ళ తరబడి ఒకదానికొకటి చుట్టుకొని పెరుగుతుంది. దానిని కరిగించే మందు లేదు. డొక్క కోసి చేతితో తీయవలసినదే. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ వారు ఈ విధంగా ఆపరేషన్లు చేయించి, ఆవుల పొట్టలనుండి పదుల కిలోల ప్లాస్టిక్ తీయించారు. ఈ విషయమై 2012లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం కూడ వేశారు.

సరే, ఒక తోటలో ఎన్ని కవర్లు పడతాయో లెక్క వేసి చూద్దాం. ఇరవైమంది కూలీలు కోతకు వచ్చారనుకొనండి. ఎండలో మనిషికి పది నీళ్ళ పాకెట్లయినా కావలెను. అవి రెండువందలు. రెండుసార్లు టీ, నలభై గ్లాసులు. మధ్యాహ్నం హోటలు భోజనం తెప్పిస్తే అన్నానికొకటి, కూరకొకటి, సాంబారుకొకటి, మనిషికి మూడు కవర్లు. అవి అరవై. మొత్తం రోజుకు మూడువందలు. పది రోజుల కోత అయితే మూడువేలు. ఇది ఒక్క తోట లెక్క. మన ప్రాంతంలో తోటలెన్నో మీకు తెలుసును.

ఇవి ఎక్కడికి పోతాయి? కొన్ని పశువుల పొట్టలోకి. కొన్ని చెట్టుకింద ఆకులలో కలిసిపోయి, తొలకరికి పాదులు తవ్వి ఎరువు వేసేటప్పుడు మట్టిలోకి దిగుతాయి. మట్టిలో పరచుకున్న కవరు కింద నీరు ఇంకదు, పిల్లవేరు సాగదు. మిగిలినవి మొదటి వానకు వాగులో పడతాయి. మన మెరకభూముల నీరు తమ్మిలేరు వంటి వాగులలో పడి చివరకు కొల్లేరు చేరుతుంది. కొల్లేరు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రాంసార్ జాబితాకెక్కిన సరస్సు. మనం తోటలో జారవిడిచిన పాకెట్టు అక్కడి చేపల, కొంగల నీటిలోకి పోతున్నదన్నమాట.

"ఊడ్చి తగలబెడితే సరిపోదా?" అంటారు. సరిపోదు. ఎండుటాకులతో కలిపి కవర్లు తగలబెట్టుట మన ఊళ్ళలో అలవాటే. కాని ప్లాస్టిక్ పొగ ఊపిరితిత్తులకు చేటు. కొన్ని రకాల ప్లాస్టిక్ కాలినప్పుడు డయాక్సిన్ అనే భయంకరమైన విషం పుడుతుంది. అది గాలిలోనుండి గడ్డిమీదికి, గడ్డినుండి పాలలోకి చేరగలదు. పైగా మంచి ఆకు ఎరువు బూడిద అయిపోతుంది. ఆకులు పాదులోనే ఉంచండి, కవర్లు ఏరివేయండి. రెంటినీ కలపవద్దు.

ఇక చట్టం సంగతి. 2022 జులై 1వ తేదీనుండి దేశమంతటా, ఒక్కసారి వాడి పారవేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల తయారీ, అమ్మకం, వాడకం నిషేధించబడినవి. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, కప్పులు, చెంచాలు, పానీయాలు పీల్చే గొట్టాలు, మిఠాయి పెట్టెలకు, శుభలేఖలకు చుట్టే పలుచని పొర, అలంకరణకు వాడే థర్మాకోల్ ఇందులో వున్నవి. చేతి కవర్ల విషయంలో, 2022 డిసెంబరు 31వ తేదీనుండి 120 మైక్రాన్లకు తక్కువ మందం గలవి పనికిరావు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. వేలితో నొక్కి లాగితే సాగి చిరిగే పలుచని చేతి కవరు చాలావరకు నిషేధించిన కవరేనని అనుకొనవచ్చును. కాగితపు గ్లాసు ఈ నిషేధంలో లేదు. అయితే దానికి లోపల పలుచని ప్లాస్టిక్ పూత వుంటుంది. అది కూడ పూర్తిగా మట్టిలో కలిసేది కాదని గుర్తుంచుకొనవలెను.

మన పొరుగు దేశం బంగ్లాదేశ్ ఈ పనిని 2002లోనే చేసినది. వరదలప్పుడు పలుచని కవర్లు మురుగు కాల్వలకు అడ్డుపడి నీరు పోకుండా చేస్తున్నవని గ్రహించి, ప్రపంచంలో మొదటిసారిగా ఒక దేశం మొత్తంలో వాటిని నిషేధించినది. చట్టం వున్నంతమాత్రాన పని కాదు. చేతిలో ప్రత్యామ్నాయం వుండవలెను. ఆ ప్రత్యామ్నాయాలు మనకు కొత్తవి కావు.

మొదటిది తాగునీరు. నీళ్ళ పాకెట్టు పావు లీటరుది. రెండువందల పాకెట్లంటే యాభై లీటర్లు. ఇరవై లీటర్ల నీళ్ళ టిన్నులు మూడు తెప్పిస్తే సరిపోవడమే కాక మిగులుతుంది. చెట్టునీడన ఇసుక పోసి, రెండు మట్టికుండలు పెట్టి, ఆ నీరు పోసి, తడిగుడ్డ చుట్టండి. పాకెట్టు నీరు గంటలో వేడెక్కుతుంది, కుండనీరు సాయంత్రందాకా చల్లగా వుంటుంది. మన పెద్దలు సొరకాయ బుర్రలో నీళ్ళు పోసుకొని పొలానికి పోయేవారు కదా!

రెండవది గ్లాసులు, కంచాలు. ఇరవై అయిదు స్టీలు గ్లాసులు, అన్ని కంచాలు ఒకసారి కొంటే ఏళ్ళు వస్తాయి. కొనలేనివారు నలుగురు రైతులు కలిసి కొనండి, లేదా డ్వాక్రా సంఘం సోదరీమణులు కొని కోత రోజులకు అద్దెకివ్వవచ్చును. "కడిగేదెవరండీ?" అని అడుగుతారు. ఒక మనిషికి గంట పని. ఆ గంటకు కూలి ఇవ్వండి. మూడువేల కవర్లు ఏరే కూలికంటె అది తక్కువే. భోజనాన్ని క్యారియర్లలో, సాంబారును మూత బిగిసే క్యానులో తెప్పించండి. వేడి సాంబారు పలుచని కవరులో కట్టుట ఆరోగ్యానికీ మంచిది కాదు. విస్తళ్ళు కావలెనంటే మోదుగ విస్తళ్ళు, అరటాకులు వున్నవి. అవి తిన్నా పశువుకు ప్రమాదం లేదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, బేరం కాగితం. తోటను పూతమీదనో, పిందెమీదనో అమ్మేటప్పుడు ధర, వాయిదాలు, నీటి తడులు రాసుకుంటున్నారు. దానిలో ఇంకొక పంక్తి రాయించండి: "కోత ముగిసిన తరువాత తోటలోని కవర్లు, పాకెట్లు, సీసాలు కొన్నవారే ఏరించి అప్పగించవలెను." చివరి వాయిదాలో కొంత సొమ్ము దీనికి నిలిపి వుంచుకొనండి. నేల మీది. కాయ కొన్నవారు వెళ్ళిపోతారు, కవరు మీకు మిగులుతుంది. ఈ ఒక్క పంక్తి వుండివుంటే ఆ గేదె బతికివుండేదని నా నమ్మకం.

నాల్గవది ఏరే పద్ధతి. తోటలో రెండు మూడు చోట్ల కొమ్మకు ఖాళీ గోనెసంచి కట్టండి. "పాకెట్టు ఇందులో వెయ్యమ్మా" అని మొదటి రోజున చెపితే, రెండవ రోజున చెప్పనక్కరలేదు. నిండిన సంచిని పంచాయతీ చెత్తబండికిగాని, చెత్తనుండి సంపద తయారుచేసే కేంద్రానికిగాని పంపండి. పురుగుమందు సీసాలను మాత్రం ఇందులో కలపవద్దు. మందు పోసుకొన్న వెంటనే సీసాను మూడుసార్లు కడిగి, ఆ కడుగునీరు పిచికారీ ట్యాంకులోనే పోసి, సీసాకు రంధ్రం చేసి, వేరుగా పెట్టవలెను. ఆ సీసాలో నీళ్ళుగాని నూనెగాని పోయుట ప్రాణాపాయం.

తోట పనిలోనే ఇంకొక రెండు సంగతులున్నవి. కొత్తగా అంటుమొక్కలు నాటేవారు పాలిథీన్ సంచిని కోసి తీసి, మట్టిగడ్డ చెదరకుండా నాటవలెను. సంచితోనే నాటితే వేరు బయటికి రాలేక చుట్టలు తిరుగుతుంది. అంటు అతుకుకున్న తరువాత, అంటుచోట చుట్టిన ప్లాస్టిక్ పట్టీని విప్పడం మరవరాదు. కాండం లావెక్కేకొద్దీ పట్టీ లోపలికి కోసుకుపోయి, గాలివానకు మొక్క అక్కడే విరుగుతుంది. రెండవది, కాయలకు కట్టే కాగితపు కవర్లు. వీటివల్ల కాయకు మంచి రంగు వస్తుంది, పండుఈగ బెడద తగ్గుతుంది. కాని కోసినప్పుడు విప్పి, చిరగనివాటిని మరల వాడుటకు ఎండబెట్టి దాచండి. చిరిగినవాటిని ఏరివేయండి, వాటికి సన్నని తీగ వుంటుంది.

కాయలు మోసే ప్లాస్టిక్ ట్రేలు కూడ మానవలెనా అని అడుగుతారేమో. అక్కరలేదు. వాటిని కడిగి సంవత్సరాల తరబడి వాడతాం. మనం వదలవలసినది ప్లాస్టిక్ అనే పేరును కాదు, ఒక్క గంట వాడి పారవేసే అలవాటును.

ఇంటి సంగతికి వద్దాం. హైదరాబాదులో చదువుకునే పిల్లలకో, అత్తవారింట వున్న అమ్మాయికో పళ్ళు పంపేటప్పుడు పాలిథీన్ కవరులో బిగించి కట్టకండి. కోసిన కాయ కూడ ఊపిరి తీస్తుంది. కవరులో చెమర్చి, తడికి పక్షికన్ను మచ్చలు లేస్తాయి, తొడిమ దగ్గర కుళ్ళుతుంది. వరిగడ్డి పరచిన బుట్టలోనో, రంధ్రాలున్న అట్టపెట్టెలోనో పంపితే పండు పండుగా చేరుతుంది. ఆవకాయను కవరులో కట్టక, మూత బిగిసే స్టీలు డబ్బాలో పంపండి. డబ్బా తిరిగి వస్తుంది, మళ్ళీ ఏడాదికి పనికివస్తుంది.

ప్రయాణాలలో వెనుకటివారు మరచెంబుతో నీళ్ళు, గుడ్డలో సద్దిమూట తీసుకొని రైలెక్కేవారు. ఇప్పుడు స్టేషను స్టేషనుకూ ఒక సీసా కొంటున్నాం. ఇంటినుండి ఒక స్టీలు సీసా, ఒక గ్లాసు, ఒక గుడ్డసంచి తీసుకుపోతే కొనే అవసరమే చాలావరకు తప్పుతుంది. తిరుమల కొండమీద 2022 జూన్ 1వ తేదీనుండి ప్లాస్టిక్ నిషేధం వున్నది. కొండమీద జలప్రసాదం కుళాయిలున్నవి, సీసా మనదైతే చాలును. అంతటి జనసమ్మర్దంలో సాధ్యమైన పని మన తోటలో ఎందుకు సాధ్యం కాదు?

తోటి ఉద్యాన సహాయకులకు, విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. ఆమధ్య ఒక గ్రామంలో నేనే రైతుల సభ పెట్టాను. విషయం నేల ఆరోగ్యం. సభ ముగిసిన తరువాత చూస్తే చెట్టుకింద నేలంతా నీళ్ళ పాకెట్లు, టీ గ్లాసులు. ఒక ముసలమ్మ వాటిని ఏరుతూ, "నేల గురించి బాగా చెప్పావు గాని అబ్బాయీ, దీని సంగతేమిటి?" అన్నది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆనాటినుండి నా సభలకు కుండ, స్టీలు గ్లాసులు వెంట తీసుకుపోతున్నాను. మనం చేయని పనిని రైతును చేయమని చెప్పరాదు.

రైతు సోదరులారా! ఇవన్నీ ఒక్కసారిగా చేయనక్కరలేదు. ఈ కోతకు మూడు పనులు చేయండి. నీళ్ళకు కుండ పెట్టండి. కొమ్మకు గోనెసంచి కట్టండి. బేరం కాగితంలో ఒక పంక్తి రాయించండి. తొలకరి పడేనాటికి మీ తోటలో ఒకసారి నడిచి చూసుకొనండి. మీ కవరు తినేది మీ పశువే కానక్కరలేదు. కంచె అవతల మేసే గేదె ఎవరిదైనా, అదీ ఒక ఇంటి ఆధారమే.