బతుకమ్మ వారంలో బాసర వంటిల్లు



దసరా సెలవులు వస్తున్నాయంటే పిల్లలకు సంబరం, మగవారికి విశ్రాంతి, మనకు మాత్రం పొయ్యి. ఏ ఊళ్లోనైనా ఇంతే. బాసరలో ఇల్లున్నవాళ్లకైతే ఇంకో నాలుగింతలు. ఒకవైపు తొమ్మిది రోజుల బతుకమ్మ, మరోవైపు జ్ఞానసరస్వతి అమ్మవారి నవరాత్రులు. మూలా నక్షత్రం నాటికి నిజామాబాదు నుంచీ, నాందేడు నుంచీ, సికింద్రాబాదు నుంచీ మనుమలను, మనుమరాళ్లను వెంటబెట్టుకొని చుట్టాలు రైలు దిగుతారు. అక్షరాభ్యాసం చేయించాలి, గోదావరి స్నానం చేయాలి, మళ్లీ మన ఇంట్లోనే భోజనం. 2016లో మన ఊరు నిర్మల్ జిల్లాలోకి వెళ్లింది కానీ, చుట్టాల లెక్క మాత్రం మారలేదు!

ఈ వారమంతా ఎవరు ఏం తినాలన్నది ఒక లెక్క. వండే మనిషి కూడా పండుగ చేసుకోవడం ఇంకో లెక్క. మొదటి లెక్క చూసుకుంటూ రెండోదాన్ని మనం మరచిపోతాం. ఆ రెండూ ఎట్లా కుదురుతాయో ఈరోజు చెప్పుకుందాం.

ముందు పంచాంగం, తరువాత పొయ్యి

పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాడు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది కదా. ఈ తొమ్మిది రోజుల నైవేద్యాలను ఒక కాగితం మీద వరుసగా రాసి చూడండి. మొదటి రోజు నువ్వులు, బియ్యప్పిండి. రెండో రోజు అటుకులు, బెల్లం, చప్పిడిపప్పు. మూడు ముద్దపప్పు. నాలుగు నానబియ్యం. ఐదు అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, నైవేద్యమే లేదు. ఏడు వేపకాయలు, అంటే వేపపండ్ల ఆకారంలో చేసి నూనెలో వేయించిన బియ్యప్పిండి. ఎనిమిది వెన్నముద్దలు, అందులోనూ నువ్వులూ, బెల్లమూ. తొమ్మిది సద్దులు.

ఈ వరుసలోనే పనిని తగ్గించే దారి ఉంది. నువ్వులు మొదటి రోజు కావాలి, ఎనిమిదో రోజు కావాలి, తొమ్మిదో రోజు కావాలి. అటువంటప్పుడు మూడుసార్లు మూకుడు పెట్టడం ఎందుకు? మొదటి రోజే అరకిలో నువ్వులు ఏరి, సన్నని సెగ మీద చిటపటలాడే వరకూ వేయించి, పూర్తిగా చల్లారిన తరువాత మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయండి. పొడి మాత్రం అప్పుడే కొట్టవద్దు. పొడి చేస్తే నూనె బయటికి వచ్చి త్వరగా మక్కువాసన పడుతుంది. ఏ రోజుది ఆ రోజే దంచుకోవాలి.

నాలుగో రోజు నానబియ్యానికి బియ్యం ఎట్లాగూ నానపోస్తాం. ఆ పొద్దుటే పక్క గిన్నెలో అట్లకు బియ్యమూ, మినపపప్పూ నానపోయండి. సాయంత్రం రుబ్బితే రాత్రికి పులిసి, ఐదో రోజు పొద్దున అట్లు సిద్ధం. నైవేద్యమూ అదే, ఇంటిల్లిపాదికీ ఫలహారమూ అదే.

ఇక ఆరో రోజు. అమ్మ అలిగిందని పెద్దలు ఆనాడు నైవేద్యం పెట్టలేదు. నాకు మాత్రం, వారం మధ్యలో ఆడవాళ్ల చేతులకు కాస్త తెరిపి దొరికే రోజు కూడా అదేననిపిస్తుంది. ఆ రోజు అన్నం, పప్పుచారు, పచ్చడి చాలు. మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చండి. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా ఒక్కరోజే!

వేయింపులకు ఒకే రోజు

మూలా నక్షత్రం సాధారణంగా బతుకమ్మ ఏడో రోజున గానీ, ఎనిమిదో రోజున గానీ పడుతుంది. పంచాంగంలో ముందుగా చూసుకోవలసింది ఇదే. ఎనిమిదో రోజైతే మంచిది. ఏడో రోజు వేపకాయల కోసం నూనె పెడతాం కనుక, ఆ నూనెలోనే గరిజెలు, చెక్కగారెలు కూడా వేయించి డబ్బాలకెత్తితే సరి. మూల ఏడో రోజే వస్తే మాత్రం ఇల్లంతా చుట్టాలుంటారు. అప్పుడు పెద్ద వేయింపులన్నీ ఐదో రోజుకు జరపండి. ఏడున నైవేద్యానికి గుప్పెడు వేపకాయలు చిన్న మూకుట్లో వేయించుకుంటే చాలు.

ఒక్క మాట. వేయించగా మిగిలిన నూనెను చల్లార్చి, బట్టలో వడగట్టి, నాలుగైదు రోజుల్లో తాలింపులకు వాడేయండి. నల్లబడి, నురుగు లేచి, చిక్కబడిన నూనెను మళ్లీ పొయ్యి మీద పెట్టవద్దు. పండుగకు కొన్న నూనె కదా అని మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. అయినా వద్దు.

మన సర్వప్ప, మన బిస్కెట్లు

కాల్చే పిండివంట అంటే బేకరీవాడి పని అనుకుంటాం. మూతపెట్టి, సన్నని సెగ మీద, గిన్నె గోడల వేడితో ఉడికే సర్వప్ప మాత్రం ఏమిటి మరి? ఓరుగల్లు వైపు గిన్నెప్ప అన్నా, తపాలచెక్క అన్నా, సర్వపిండి అన్నా అంతా ఒకటే.

అరకిలో బియ్యప్పిండికి గంటసేపు నానిన శనగపప్పు గుప్పెడు, పల్లీలు గుప్పెడు, వేయించి పెట్టుకున్న నువ్వులు రెండు చెంచాలు, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కరివేపాకు, జీలకర్ర, కారం, ఉప్పు. గోరువెచ్చని నీళ్లతో మెత్తగా కలపండి. గిన్నె లోపల నూనె రాసి పిండిని పలుచగా అద్ది, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ప్రతి చిల్లులో చుక్క నూనె వేయండి. మూతపెట్టి చిన్న మంట మీద పది పన్నెండు నిమిషాలు. అంచు గోడను వదిలి ఎర్రబడితే అయినట్టే.

అసలు ఆలస్యమయ్యేది రెండోదానికి. వేడి గిన్నెలో పిండి అద్దలేం. చేయి కాలుతుంది, పిండి అంటుకోదు. గిన్నె అడుగున నీళ్లు పోసి చల్లార్చడం పాత పద్ధతి. రెండు గిన్నెలు పెట్టుకుంటే ఒకటి పొయ్యి మీద ఉండగా ఇంకొకటి చల్లారుతుంది. పని సగం కాలంలో తేలిపోతుంది. పొడిపిండిలో నువ్వులు, కారం, జీలకర్ర, ఉప్పు కలిపి ముందే డబ్బాలో ఉంచితే, చుట్టాలు వాకిట్లోకి వచ్చాక తడిపినా ఆలస్యం కాదు.

పిల్లలకు బిస్కెట్లు కావాలి. ఇంట్లో ఓవెన్ లేకపోయినా పాత ప్రెషర్ కుక్కరు చాలు. జల్లించి కడిగి ఎండబెట్టిన ఇసుక గానీ, రాళ్లుప్పు గానీ అడుగున ఒక అంగుళం మందాన పోసి, దాని మీద చిన్న స్టాండు పెట్టండి. మూతకున్న రబ్బరూ, పైన వెయిటూ తప్పనిసరిగా తీసేయాలి. ఇందులో ఆవిరి పట్టకూడదు, పొడి వేడి మాత్రమే కావాలి. నీళ్లు పోయకూడదు.

నానకటాయికి నేను వాడే కొలత ఇది: మైదా 150 గ్రాములు, జొన్నపిండి 100 గ్రాములు, పంచదార పొడి 125 గ్రాములు, నెయ్యి 125 గ్రాములు, వంటసోడా పావు చెంచా, ఏలకుల పొడి. నెయ్యీ పంచదారా తెల్లబడేదాకా నలిపి, పిండీ సోడా కలిపి, నిమ్మకాయలో సగం అంత ఉండలు చేసి కాస్త నొక్కండి. పాతిక దాకా వస్తాయి. కుక్కరును పది నిమిషాలు ముందుగా వేడెక్కించి, నెయ్యి రాసిన పళ్లెంలో ఆరేడు ఉండలు ఎడంగా పెట్టి, చిన్న మంట మీద ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు ఉంచండి. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి. కాలలేదనుకొని మళ్లీ పెడితే మాడిపోతాయి. ఓవెన్ ఉన్నవాళ్లు 170 డిగ్రీల వేడిలో పావుగంట తరువాత చూసుకోవాలి. మన ఆదిలాబాదు నేలలో జొన్నకు కొదవలేదు. మైదాతో కలిస్తే రుచీ వస్తుంది, బిస్కెట్ కరకరలాడుతుంది.

నాలుగో రోజు సాయంత్రం పిల్లల చేత ఉండలు చేయించండి. సమానంగా రాకపోతే పోనీయండి.

మధూకరం పాలు

బాసరలో దీక్ష పట్టినవాళ్లు ఇల్లిల్లూ తిరిగి మధూకరం అడిగే ఆచారం ఉంది. పండుగ రద్దీలో ఆ పాలు మరచిపోకూడదు. దానికి ప్రత్యేక వంట అక్కరలేదు. మధ్యాహ్నానికి ముందే వండిన అన్నం, పప్పు, ఉంటే ఒక జొన్నరొట్టె చాలు. బియ్యం కొలిచేటప్పుడే రెండు గుప్పెళ్లు అదనంగా పోసుకోండి. రాత్రి మిగిలింది మాత్రం పెట్టవద్దు. మన పిల్లలకు పెట్టనిది గడప దగ్గర నిలుచున్నవాళ్లకూ పెట్టకూడదు.

సద్దుల సంగతి

ఇప్పుడు చెప్పబోయేది నా పొరపాటే. ఒక ఏడు సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే అన్ని సద్దులూ కలిపేసి పెట్టాను. సాయంత్రం చెరువు గట్టుకు తీసుకుపోయి, పంచి, మిగిలిన కొబ్బరిసద్ది రాత్రంతా గిన్నెలోనే ఉంచాను. మర్నాడు పారేయలేక కాస్త వేడిచేసి మనవడికి పెట్టాను. రాత్రికి వాంతులు, విరేచనాలు. దసరా నాడు అమ్మవారి ముందు పలకా బలపం పట్టవలసిన పిల్లవాడు మంచం మీద ఉన్నాడు. అక్షరాభ్యాసం మళ్లీ వసంత పంచమికి గానీ కాలేదు. నాలుగు గుప్పెళ్ల అన్నం దండగ కాకూడదనుకుంటే జరిగింది అది.

కారణం ఏమిటంటే, బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు అన్నం ఉడికినా చావవు. వెచ్చగా గంటల తరబడి ఉంచితే మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఆ విషంలో ఒక రకం మళ్లీ వేడిచేసినా పోదు. పులుపు వాటికి గిట్టదు. అందుకే చింతపండు పులిహోర ఎక్కువసేపు నిలుస్తుంది, నిమ్మసద్ది దాని తరువాత. పులుపు లేని కొబ్బరిసద్ది, నువ్వులసద్ది ముందు పాడవుతాయి. కనుక పంచేటప్పుడు కొబ్బరి ముందు, నువ్వులు తరువాత, పెరుగు, నిమ్మ, చివరికి చింతపండు. ఈ వరుస గుర్తుంచుకోండి.

పన్నెండు మందికి ఒకటిన్నర కిలో బియ్యం చాలు. చింతపండు పులిహోరకు అరకిలో, నిమ్మకూ, పెరుగుకూ చెరి 300 గ్రాములు, నువ్వులకూ, కొబ్బరికీ చెరి 200 గ్రాములు. పులిహోర పులుసు ఆరో రోజు సాయంత్రమే ఉడికించి సీసాలో పెట్టుకోవచ్చు. మలీదకు జొన్నరొట్టెలూ, సత్తుకు పల్లీల పొడీ తొమ్మిదో రోజు పొద్దున్నే. అన్నం మాత్రం మధ్యాహ్నం మూడు దాటాకే వండాలి. వెడల్పు పళ్లెంలో పరచి విసరితే త్వరగా చల్లారుతుంది, మెతుకు విడిపోతుంది. పెరుగుసద్దికి వెచ్చని అన్నంలో కాచిన పాలు పోసి, చల్లారాక రెండు గరిటెలు పెరుగు కలిపితే రాత్రికి పుల్లబడదు. గట్టు నుంచి రాగానే మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకుంటే ఆ రాత్రే తినేయాలి. ఎక్కువసేపు బయట ఉన్నదాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా లాభం లేదు.

ఒకవేళ పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపి, గుక్కెడు గుక్కెడు తాగించండి. పిల్లవాడు నీరసించినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయక డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.

మూల నాటి భోజనం

చుట్టాలు దిగే రోజు మన ప్రతాపం చూపించాలని ఉంటుంది. వద్దు. ఆ రోజు పప్పు, ఒక కూర, చారు, పెరుగు. తీపికి డబ్బాలోని గరిజెలు ఉన్నాయి. కూరగాయలు ముందురోజు రాత్రే కోసి పెట్టుకోండి. పోలెలు దసరా మర్నాటికి వాయిదా వేయండి. మాంసం వండే ఇళ్లలో దసరా నాడు అదే పెద్ద పని కనుక, ఆనాడు పిండివంటలు ఏవీ పెట్టుకోవద్దు.

ఇంకొకటి. కాగితం గోడకు అంటించి, ఒక్కో పని పక్కన ఒక పేరు రాయండి. నీళ్లు నింపేది ఎవరు, కూరగాయలు తెచ్చేది ఎవరు, తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చేది ఎవరు, విస్తళ్లు తీసేది ఎవరు. నోటితో చెబితే మరచిపోతారు. కాగితం మీద తమ పేరు చూసుకుంటే మా ఇంటాయన కూడా కొబ్బరి తురిమారు!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గుడిలో మన పిల్ల ఒళ్లో కూర్చుని బియ్యంలో మొదటి అక్షరం దిద్దేటప్పుడు ఆ చిన్న వేలు పట్టుకోవలసిన చేతుల్లో మన చేయి కూడా ఉండాలి. సద్దుల నాడు బతుకమ్మ చుట్టూ తిరిగే వలయంలో మన అడుగు ఉండాలి. పాట అయిపోయాక గిన్నెలు కడుగుతూ, ఎవరెవరు వచ్చారని అడిగి తెలుసుకునే పండుగ మనకు వద్దు. పెత్రమాసకు ముందే ఒక కాగితం, ఒక పెన్సిలు తీసుకుని కూర్చోండి.